ఇరుకు గదిలో ఇంటి బీరు

అమ్మకానికి కాకుండా సొంతంగా తాగడానికి ఇంట్లోనే చిన్న మోతాదులో చేసుకునే బీరును ఇంటి బీరు అంటారు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ (మాల్ట్), నీళ్లు, హాప్స్ అనే తీగ పూలు, ఈస్ట్ దీనికి ముడి సరుకులు. పెరడు, గ్యారేజీ ఉన్న ఇళ్లలో ఒక్కో విడతకు 20 లీటర్లు చేయడం మామూలు. నలుగురైదుగురు కలిసి అద్దెకుండే గదిలో ఆ లెక్క కుదరదు. అక్కడ 5 లీటర్లు చేయాలన్నా పొయ్యి, నీళ్లు, నేల, నిద్ర అన్నీ సర్దుబాటు చేసుకోవాలి. ఇలాంటి తయారీకి అమెరికా, బ్రిటన్, సింగపూర్ వంటి దేశాల్లో అనుమతి ఉంది. తెలంగాణలో లేదు. కనుక బొల్లారం లాంటి చోట ఇది చేసుకునే పని కాదు. అయితే వేడి, నీరు, చోటు, పదార్థం ఈ పనిపై ఎలా ప్రభావం చూపుతాయో తెలుసుకోవడానికి ఆ ప్రాంతం మంచి ఉదాహరణ.

బొల్లారం నేపథ్యం

సికింద్రాబాద్ కంటోన్మెంటు పక్కన, రాష్ట్రపతి నిలయం ఉన్న బొల్లారం వేరు. ఇక్కడ ప్రస్తావిస్తున్నది సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరు వైపున ఉన్న బొల్లారం. మందుల, రసాయనాల కర్మాగారాలు ఉన్న ఈ ఊరు 2018లో మునిసిపాలిటీ అయింది. ఒడిశా, జార్ఖండ్, బిహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి, తెలుగు జిల్లాల నుంచి వచ్చిన కార్మికులు ఇక్కడ గదులు పంచుకుని ఉంటారు. షిఫ్టుల కారణంగా గదిలో ఒకరు వంట చేస్తుంటే ఇంకొకరు నిద్రలో ఉంటారు.

బీరుకు సంబంధించిన విద్యలన్నీ ఈ చుట్టుపక్కలే ఉండటం విశేషం. సంగారెడ్డి దగ్గర యునైటెడ్ బ్రూవరీస్ కర్మాగారం ఉంది. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ జొన్న, సజ్జలపై పరిశోధన చేస్తోంది. ఉష్ణోగ్రత చూసుకుంటూ రియాక్టరు నడపడం, పాత్రలను కాస్టిక్‌తో కడగడం, హైడ్రోమీటరుతో సాంద్రత చూడటం ఇక్కడి మందుల కంపెనీల్లో పనిచేసేవారికి రోజూ ఉండే పనులే. బీరు తయారీలోనూ చేసేది దాదాపు ఇదే.

చట్టం

ఉమ్మడి రాష్ట్రంలో చేసిన 1968 నాటి ఎక్సైజ్ చట్టమే కొద్ది మార్పులతో తెలంగాణలో అమల్లో ఉంది. దాని ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. తయారీ కోసం సామగ్రిని, పాత్రలను దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. సొంతానికే చేసుకున్నామన్నా, మోతాదు తక్కువేనన్నా మినహాయింపు లేదు. గుడుంబా బట్టీకీ, గదిలో మూలన పెట్టిన బీరు జాడీకీ చట్టం పెద్దగా తేడా చూపదు. శాస్త్రం దృష్టిలో మాత్రం ఈ రెండూ వేర్వేరు. గుడుంబా కోసం నల్లబెల్లాన్ని పులియబెట్టి ఆపైన బట్టీ పెట్టి ఆవిరి దింపుతారు. బీరులో బట్టీ పట్టడం ఉండదు. ధాన్యం పులిస్తే పుట్టే మిథనాల్ అత్యల్పం. కల్తీ సారా మరణాలకు చాలావరకు కారణం పారిశ్రామిక మిథనాల్ కలపడమే, పులియబెట్టడం కాదు.

పాత చట్టం ఇప్పటికీ ఇంత కఠినంగా కొనసాగడానికి వెనక చరిత్ర ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారాను నిషేధించారు. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్య నిషేధం తెచ్చింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని సడలించింది. మద్యం మళ్లీ వచ్చినా తయారీకి అనుమతులు, పంపిణీ సర్కారు చేతిలోనే ఉన్నాయి. తెలంగాణలో బ్రూవరీల బీరును కొని దుకాణాలకు సరఫరా చేసేది ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషనే. బకాయిలు, ధరల విషయంలో తేడా వచ్చి 2025 జనవరిలో యునైటెడ్ బ్రూవరీస్ కొన్నాళ్లు సరఫరా ఆపేసినప్పుడు ఈ ఏర్పాటు ఎంత బిగుతుగా ఉందో సామాన్య బీరు ప్రియులకూ తెలిసివచ్చింది. చిన్న మోతాదు తయారీకి చట్టం తెరిచిన తలుపు మైక్రోబ్రూవరీ ఒక్కటే. 2015లో నిబంధనలు వచ్చాక హైదరాబాదులో ఇవి వెలిశాయి. అవి లైసెన్సు ఫీజు కట్టే వ్యాపారాలు, గదుల్లో ఉండేవాళ్లకు అందుబాటులో ఉండేవి కావు.

ఇతర దేశాల్లో దారి వేరు. బ్రిటన్‌లో 1963లో ఇంటి బీరుకు లైసెన్సు అక్కర లేకుండా చేశారు. అమెరికాలో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ఒక్క వయోజనుడున్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉన్న ఇంటికి 200 గ్యాలన్లు అనుమతించింది. అంటే నలుగురు తెలుగు విద్యార్థులు ఒక అపార్టుమెంటు పంచుకున్నా హద్దు 200 గ్యాలన్లే, సుమారు 757 లీటర్లు. అమ్మడానికి వీల్లేదు. రాష్ట్రాల చట్టాలు ఆ తర్వాత ఒక్కొక్కటిగా మారాయి. అలబామా, మిసిసిపీ 2013 దాకా ఒప్పుకోలేదు. సింగపూర్‌లో ఇంటికి నెలకు 30 లీటర్ల హద్దు ఉంది. జపాన్‌లో 1 శాతం ఆల్కహాలు దాటితే లైసెన్సు కావాలి.

తయారీ క్రమం

ఐదు లీటర్ల బీరుకు 1.2 కిలోల మాల్ట్, 8 లీటర్ల నీళ్లు, 10 లీటర్ల స్టీలు గిన్నె చాలు. నలగ్గొట్టిన మాల్ట్‌ను పలచటి గుడ్డ సంచిలో వేసి, 65 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ వేడి నీళ్లలో గంటసేపు నానబెడతారు. ఈ వేడిలో మాల్ట్‌లోని అమైలేజ్ ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొడతాయి. వేడి 62 దగ్గర ఉంటే ఈస్ట్ తినగల చక్కెరలు ఎక్కువై బీరు పలచగా, ఘాటుగా వస్తుంది. 70 దాకా పోతే చిక్కగా, కాస్త తియ్యగా మిగులుతుంది. సంచి తీసి పిండాక మిగిలే తియ్యటి ద్రవమే వర్ట్. దాన్ని గంటసేపు మరిగిస్తూ 5 నుంచి 10 గ్రాముల హాప్స్ వేస్తారు. బీరుకు చేదు వచ్చేది హాప్స్ వల్లే. పులుపు పుట్టించే బాక్టీరియాను కొంత అదుపు చేసేది కూడా అవే. ఇండక్షన్ పొయ్యి మీద ఇదంతా ఒకటిన్నర నుంచి రెండు యూనిట్ల కరెంటుతో అయిపోతుంది. లీటరు దాకా నీరు ఆవిరై గది ఉక్కపోతగా మారుతుంది. అందుకే మరిగించే పని గదిలో ఎవరూ పడుకోని వేళ పెట్టుకోవాలి.

మరిగిన వర్ట్‌ను త్వరగా చల్లార్చాలి. ఐదు లీటర్లే కాబట్టి గిన్నెను ఐసు వేసిన నీళ్ల టబ్బులో దించితే అరగంటలో పని అవుతుంది. 20 లీటర్లు చేసేవాళ్లకు దీనికే రాగి గొట్టాల చుట్ట కావాలి. చల్లారిన వర్ట్‌ను శుభ్రమైన జాడీలోకి వంచి ఈస్ట్ చల్లి, గాలి బయటికి పోనిస్తూ లోపలికి రానివ్వని ఎయిర్‌లాక్ బిగిస్తారు. పులియడానికి ముందు, తర్వాత హైడ్రోమీటరు చూపే సాంద్రతల తేడాను 131తో గుణిస్తే ఆల్కహాలు శాతం వస్తుంది. 1.048 నుంచి 1.010కి దిగితే దాదాపు 5 శాతం అన్నమాట.

శుభ్రత దగ్గర పొరపాటు జరిగితే చివరికి బీరు పుల్లబడుతుంది. తెలుగువాళ్లుండే గదిలో పెరుగు గిన్నె, దోసెల పిండి గిన్నె పక్కపక్కనే ఉంటాయి. వాటిలోని లాక్టిక్ బాక్టీరియా గరిటె మీదుగానో, చేతుల మీదుగానో జాడీలో చేరితే హాప్స్ కూడా పూర్తిగా ఆపలేవు. వర్ట్ చల్లారాక దాన్ని తాకేవన్నీ మరిగే నీళ్లలో ముంచినవై ఉండాలి. బ్లీచింగ్‌తో కడిగి సరిగా తొలవకపోతే క్లోరిన్ మాల్ట్‌లోని ఫినాల్స్‌తో కలిసి బీరుకు మందుల వాసన తెస్తుంది. ఆ వాసన ఒకసారి పడితే వదిలించడం అసాధ్యం.

వేడి

ఇరుకు గదిలో బీరు బాగా రావడానికి, చెడడానికి అసలు కారణం ఉష్ణోగ్రతే. ఏల్ రకం ఈస్ట్‌కు 18 నుంచి 22 డిగ్రీలు నప్పుతుంది. లాగర్‌కు 8 నుంచి 13 కావాలి. దుకాణాల్లో దొరికే బీర్లు ఎక్కువగా లాగర్లే, వాటిని ఏసీ లేని గదిలో చేయాలనుకోవడం దండగ. వేడి 28 దాటితే ఈస్ట్ హడావిడిగా పనిచేసి బరువైన ఆల్కహాళ్లను, పండు వాసన ఎస్టర్లను అతిగా పుట్టిస్తుంది. ఆ బీరు గొంతులో మంటగా దిగుతుంది. పులియడంలోనే కొంత వేడి పుడుతుంది కాబట్టి జాడీ లోపల గదికంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది.

బొల్లారంలో మే నెల మధ్యాహ్నాలు 40 డిగ్రీల దగ్గర ఉంటాయి. రేకుల గదిలో అంతకంటే ఎక్కువ. డిసెంబరు, జనవరిల్లో మాత్రం పటాన్‌చెరు రాత్రి ఉష్ణోగ్రతలు 10 డిగ్రీల కిందికి పోవడం తరచుగా వార్తల్లో కనిపిస్తుంది. ఆ రెండు నెలల్లో మూసిన గది 20 డిగ్రీల చుట్టూ ఉంటుంది. ఏల్‌కు దక్కనులో ఉన్న సహజ కాలం అదొక్కటే. వేసవిలో తడిగుడ్డ ఉపాయం కొంత పనిచేస్తుంది. జాడీని నీళ్ల టబ్బులో నిలబెట్టి, తడిపిన గుడ్డ చుట్టి, ఫ్యాను గాలి తగిలేలా ఉంచాలి. దక్కను ఎండల్లో గాలి పొడిగా ఉంటుంది కనుక నీరు చురుగ్గా ఆవిరై జాడీ చల్లబడుతుంది. వానాకాలంలో గాలిలో తేమ పెరిగాక ఇదే ఉపాయం చేతులెత్తేస్తుంది. కరెంటు పోతే ఫ్యానుతో పాటు ఇదీ ఆగుతుంది. నార్వే పల్లెల నుంచి వచ్చిన క్వైక్ రకం ఈస్ట్‌లు 35 డిగ్రీల్లోనూ శుభ్రమైన రుచి ఇస్తాయి. చలిదేశపు ఈస్ట్ ఉష్ణదేశాల వాళ్లకు ఇంతగా పనికిరావడం బీరు చరిత్రలో ఒక విచిత్రం.

నీళ్లు, పాత్రలు

బీరులో తొంభై శాతానికి పైగా నీళ్లే. పటాన్‌చెరు, బొల్లారం భూగర్భ జలాల చరిత్ర ఇక్కడ గుర్తుంచుకోవాలి. పారిశ్రామిక వ్యర్థాలు నక్కవాగు, ఇస్కవాగుల్లో చేరడంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. కాలుష్య నియంత్రణ మండలి 2009 నాటి సూచీలో ఈ ప్రాంతం తీవ్ర కాలుష్య జాబితాకెక్కింది. బోరు నీళ్లను మరిగిస్తే క్రిములు చస్తాయి, భార లోహాలు, లవణాలు పోవు. నీరు ఆవిరయ్యే కొద్దీ అవి ఇంకా చిక్కబడతాయి. అందుకే ఇలాంటి చోట్ల బోరు నీళ్లు బీరుకు పనికిరావు. 20 లీటర్ల క్యాన్లలో వచ్చే ఆర్‌వో నీళ్లు వాడవచ్చు కానీ వాటిలో కాల్షియం దాదాపు ఉండదు. మాల్ట్ నానేటప్పుడు ఎంజైములు బాగా పనిచేయాలన్నా, చివర్లో ఈస్ట్ అడుగుకు చేరాలన్నా కొంత కాల్షియం అవసరం. ఐదు లీటర్లకు గ్రాము దాకా తినదగిన జిప్సం కలిపితే సరిపోతుంది.

పాత్రల విషయంలో ప్రమాదం ఎదురుగానే ఉంటుంది. బొల్లారం, పటాన్‌చెరు పాత సామాన్ల దుకాణాల్లో నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు, తెల్లని కార్బాయ్‌లు చవగ్గా దొరుకుతాయి. చాలా ఇళ్లలో వాడుక నీళ్లు నింపుకునేది వీటిలోనే. ఒకప్పుడు ద్రావణులో, ఆమ్లాలో నిల్వ చేసిన ఈ ప్లాస్టిక్ వాటిని లోపలికి పీల్చుకుని ఉంటుంది. ఎన్నిసార్లు కడిగినా, ఎండబెట్టినా పూర్తిగా వదలదు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు వాసన రాకపోయినంత మాత్రాన భరోసా లేదు, ఎందుకంటే నీటికంటే ఆల్కహాలు ఇలాంటి పదార్థాలను ఎక్కువగా బయటికి లాగుతుంది. ఆహారానికే తయారైన కొత్త జాడీ లేదా గాజు సీసా తప్ప మరేదీ వాడకూడదన్నది ఈ పనిలో బేరం లేని నియమం.

గాలి, చప్పుడు, సీసా

పులిసేటప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్ గురించి గదిలోని వాళ్లు భయపడటం మామూలే. 5 శాతం బీరు లీటరు తయారైతే సుమారు 20 లీటర్ల వాయువు వస్తుంది. ఐదు లీటర్లకు 100 లీటర్లు, అదీ వారం పది రోజుల్లో. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో గాలి 28,000 లీటర్లు. ఒక మనిషి రోజుకు వదిలే కార్బన్ డయాక్సైడే 450 లీటర్ల పైచిలుకు. అంటే జాడీ వారమంతా వదిలినదానికంటే పక్కన పడుకున్నవాడు ఒక్క పూటలో వదిలేదే ఎక్కువ. మూసిన అల్మారాలోనో, పాత ఫ్రిజ్‌లోనో పెద్ద జాడీ పెట్టి అందులో తలదూర్చితే మాత్రం ప్రమాదం నిజమే, ఎందుకంటే ఈ వాయువు గాలికంటే బరువు, అడుగున నిలుస్తుంది.

చప్పుడు చిన్నదే అయినా పేచీకి అదే మొదటి కారణం. మొదటి రెండు రోజులు ఎయిర్‌లాక్ కొద్ది సెకన్లకోసారి బుడుక్కుమంటుంది. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాడి తల దగ్గర పెడితే జాడీ ఎక్కువ రోజులు ఉండనివ్వడు. షిఫ్టుల వల్ల రాత్రంతా ట్యూబులైటు వెలిగే గదుల్లో జాడీకి ముదురు గుడ్డ కప్పాలి, లేకపోతే వెలుతురు హాప్స్ పదార్థాలను విరిచి బీరుకు చెడ్డ కంపు తెస్తుంది. మద్యం ముట్టనివాళ్లు, ఇంట్లో ఉంచడమే ఇష్టపడనివాళ్లు గదిలో ఉంటే వాళ్ల మాటకే విలువ ఇవ్వాలి. అనుమతి ఉన్న దేశాల్లో కూడా అద్దె ఒప్పందంలో ఇంటి యజమాని కాదంటే అంతే.

అసలు ప్రమాదం సీసాల్లో ఉంది. పులిసిన బీరులో లీటరుకు 6 గ్రాముల చక్కెర కలిపి మూత బిగిస్తే రెండు వారాల్లో నురగకు సరిపడా వాయువు సీసాలోనే పుడుతుంది. పులియడం పూర్తికాక ముందే నింపినా, చెంచాలతో అంచనా వేసి చక్కెర ఎక్కువ పోసినా సీసా పేలుతుంది. వేసవిలో ఈ ముప్పు రెట్టింపు. నిద్రపోయేవాళ్ల పక్కన గాజు సీసాలు పేర్చడం తెలివితక్కువ పని. చాలాసార్లు వాడి తిరిగొచ్చిన 650 మిల్లీలీటర్ల గాజు సీసాల్లో కంటికి కనిపించని గీతలుంటాయి. కూల్‌డ్రింకుల పెట్ బాటిళ్లు మేలు. ఆ ఒత్తిడికి తయారైనవే, పైగా చేత్తో నొక్కితే లోపల ఎంత వాయువు చేరిందో తెలుస్తుంది. రాయిలా గట్టిపడితే మూత కాస్త తిప్పి గ్యాసు వదిలేయవచ్చు. తాగునీటి బాటిళ్లు మాత్రం పలచన, వాటికి ఆ శక్తి లేదు.

తూర్పు కొండల దారి, జొన్న దారి

బార్లీ తెలంగాణలో పండదు, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వస్తుంది. హాప్స్ చాలావరకు దిగుమతే. పైన చెప్పిన పద్ధతి చల్లటి వాతావరణానికే బాగా నప్పుతుంది. బొల్లారంలోని జార్ఖండ్, ఒడిశా కార్మికులు పుట్టి పెరిగిన ఊళ్లలో వేరే విద్య ఉంది. అక్కడ హండియా అనే బియ్యపు బీరు చేస్తారు. అన్నం వండి చల్లార్చి, బియ్యప్పిండిలో అడవి మూలికలు కలిపి ఎండబెట్టిన రాను అనే ఉండలను పొడిచేసి కలిపి, కుండలో కొద్ది రోజులు ఉంచుతారు. ఆ ఉండల్లోని బూజు పిండిని చక్కెరగా మారుస్తుంటే ఈస్ట్ అదే సమయంలో దాన్ని ఆల్కహాలు చేస్తుంది. మాల్ట్ అక్కర లేదు, గంటసేపు మరిగించడం లేదు, 30 డిగ్రీల వేడి అడ్డు కాదు. కోరాపుట్ కొండల్లో రాగులతో చేసే లండ కూడా ఈ కోవలోదే. ఇరుకు గదికి, వేడి ఊరికి బార్లీ బీరుకంటే ఈ విధానమే నప్పుతుందని ఒప్పుకోక తప్పదు. నిల్వ ఉండకపోవడం దీని లోటు. ఒకటి రెండు రోజుల్లో పులిసిపోతుంది. చట్టం దృష్టిలో తెలంగాణలో ఇదీ అనుమతి లేని మద్యమే.

జొన్నతో బీరు ఆఫ్రికాలో శతాబ్దాలుగా ఉంది. నైజీరియా 1988లో బార్లీ మాల్ట్ దిగుమతిని నిషేధించినప్పుడు అక్కడి పెద్ద బ్రూవరీలు కూడా జొన్నకు మళ్లాయి. జహీరాబాద్ వైపు జొన్న పండే సంగారెడ్డి జిల్లాలో ఈ ఆలోచన సహజంగానే వస్తుంది. అయితే ఇందులో రెండు చిక్కులున్నాయి. జొన్న పిండి మెత్తబడటానికి బార్లీకంటే ఎక్కువ వేడి కావాలి, ఆ వేడిలో ఎంజైములు చచ్చిపోతాయి. కనుక ముందు విడిగా ఉడికించి, చల్లార్చి, ఆపైన మాల్ట్ కలపాలి. రెండోది ఇంకా ముఖ్యం. మొలకెత్తిన జొన్నలో ధుర్రిన్ అనే పదార్థం పుట్టి సైనైడ్‌ను విడుదల చేస్తుంది. లేత జొన్న మేసి పశువులు చచ్చిపోవడానికి కారణం అదే. మొలకలను ఎండబెట్టి, వేళ్లను, మొలక కొనలను రాల్చేసి, బాగా ఉడికిస్తే ఈ విషం తగ్గుతుంది. పచ్చి జొన్న మొలకలను నేరుగా రుబ్బి పులియబెట్టడం ప్రమాదకరం.

మిగిలే పిప్పి

కిలో మాల్ట్ నానితే ఒకటిన్నర కిలోకు పైగా తడి పిప్పి మిగులుతుంది. బ్రూవరీల పిప్పి పాడి పశువులకు దాణాగా పోతుంది. గదిలో చేసినవాళ్లకు ఆ దారి ఉండదు. వేసవిలో ఒక్క రోజులోనే పుల్లబడి ఈగలు ముసురుతాయి. కొద్దిగా ఉంటే అదే రోజు గోధుమపిండిలో కలిపి రొట్టెలు చేసుకోవచ్చు. ఎక్కువైతే ఎండబెట్టి కోళ్లకు వేయవచ్చు. హాప్స్ పడిన మడ్డిని మాత్రం కుక్కలకు అందకుండా పారేయాలి, అది వాటికి ప్రాణాంతకం. జాడీ అడుగున గట్టిపడే ఈస్ట్ మడ్డిని సింకులో ఒలకబోస్తే గొట్టంలోనే మళ్లీ పులిసి దుర్వాసన వస్తుంది. వేడినీళ్లు ధారాళంగా కలిపి మోరీలో పోయడం, లేదా మొక్కల మొదట్లో పలచగా చల్లడం మేలు.